మీట నొక్కే ముందు మూత విప్పండి

పాత ల్యాప్‌టాప్‌ల బాగుచేత, అమ్మకం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి: ఇంట్లో దొరికిన పాత యంత్రాన్ని ఎలా వెలిగించాలి, ఎలా అమ్మాలి అని. ఆ రెండిటికీ మధ్య చేయవలసిన పని చాలా ఉంది. అందుకే ఈసారి కొన్ని ఉత్తరాలే తీసుకుని, జవాబులు కాస్త విడమరిచి రాస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు 1990ల మొదట్లో వాడిన ల్యాప్‌టాప్ అటక మీద దొరికింది. చార్జర్ కూడా ఉంది. ఆయనకు దాన్ని మళ్లీ ఒకసారి వెలుగుతుండగా చూడాలని ఉంది. ఆ తర్వాత అమ్మేద్దామంటున్నారు. ప్లగ్గు పెట్టి చూడవచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: పెట్టకండి. ముప్పై ఏళ్లు ఆగిన యంత్రం ఇంకో వారం ఆగగలదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, నా చేతికి వచ్చిన మూడో యంత్రానికి నేను నేరుగా చార్జర్ తగిలించాను. తెర వెలిగింది. మెమరీ లెక్కపెట్టడం మొదలై, సగంలో అంకెలు నిలిచిపోయాయి. కీబోర్డు సందుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. విప్పి చూస్తే, లోపలి చిన్న బ్యాటరీ ఎన్నేళ్ల కిందటో కారిపోయి ఉంది. ఆ ద్రవం బోర్డు మీద పాకి, రాగి గీతలకు చిలుము పట్టి, కలవకూడని రెండు గీతలు కలిసిపోయాయి. ముందే విప్పి ఉంటే ఒక పూట శుభ్రం చేసే పనితో అది బతికేది. ఆ బోర్డు ఇప్పటికీ నా బల్ల ముందు గోడకు ఆనించి ఉంటుంది. కొత్త యంత్రం తెచ్చిన ప్రతిసారీ ముందు దాన్ని చూస్తాను.

మీరు మొదట పెద్ద బ్యాటరీని బయటికి తీయండి. తర్వాత అడుగున ఉన్న స్క్రూలు విప్పండి. అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే అది లోపలి బోర్డును తొలిచేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద యంత్రం అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి. రిబ్బన్ కేబుళ్లను లాగవద్దు. చాలావాటికి సాకెట్టు దగ్గర సన్నని గడియ ఉంటుంది. దాన్ని గోటితో లేపితే కేబుల్ తేలిగ్గా వదులుతుంది.

ఇప్పుడు లోపలి బ్యాటరీలు. ఆ కాలపు యంత్రాల్లో గడియారాన్నీ సెట్టింగులనూ కాపాడేది ఒకటి ఉంటుంది. కొన్నిట్లో, పెద్ద బ్యాటరీ మార్చే ఆ కాస్త సేపు మెమరీని నిలబెట్టడానికి ఇంకొకటి కూడా ఉంటుంది. ఇవి నికెల్-కాడ్మియం రకమో, నికెల్-మెటల్ హైడ్రైడ్ రకమో అయితే కారి ఉంటాయనే అనుకుని విప్పండి. వాటిలోంచి వచ్చేది ఆమ్లం కాదు, క్షారం. పేరు పొటాషియం హైడ్రాక్సైడ్. 'బ్యాటరీ ఆసిడ్' అనే మాట అందరి నోటా నాని, చాలామంది దాని మీద వంటసోడా పొడి చల్లుతారు. క్షారం మీద సోడా చల్లితే ఒరిగేదేమీ లేదు. తెల్ల వెనిగర్‌లో దూది పుల్ల ముంచి అద్దండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఆ వెనిగర్‌ను పూర్తిగా కడిగేసి, చివరికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి. లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఉన్న యంత్రాలకు మందు వేరు. ఆపిల్ 1989లో తెచ్చిన మెకింతోష్ పోర్టబుల్‌లోనూ, 1991 నాటి పవర్‌బుక్ 100లోనూ ఉన్నది ఆ రకమే. అక్కడ కారేది సల్ఫ్యూరిక్ ఆమ్లం కాబట్టి వంటసోడా కలిపిన నీళ్లే సరైనవి. బ్యాటరీ మీది అక్షరాలు చదివి అది ఏ రకమో తెలుసుకున్నాకే సీసా మూత తీయండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు.

తర్వాత కెపాసిటర్లు, అంటే కరెంటును కాస్త నిల్వ చేసి ఇచ్చే భాగాలు, చూడండి. బోర్డు మీద చిన్న చిన్న వెండి డబ్బాల్లా నిలబడి ఉంటాయి. 1980ల చివర, 1990ల మొదట తయారైన యంత్రాల్లో ఇవి అడుగు నుంచి ద్రవం వదులుతాయి. వాటి పక్కన సోల్డరు మెరుపు పోయి బూడిదరంగుకు తిరిగి ఉంటే కారినట్టే. అలాంటిదానికి సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే చేపల వాసన కొడుతుంది. అవన్నీ మార్చాలి. అయితే ఆ పని మీ నాన్నగారి యంత్రం మీద నేర్చుకోకండి. ఎందుకూ పనికిరాని బోర్డు ఒకటి సంపాదించి, దాని మీద ఇరవై కెపాసిటర్లు తీసి, పెట్టి, చేయి కుదిరాక దీని దగ్గరికి రండి.

చివరిది చార్జర్. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించకుండా విడిగా మల్టీమీటర్‌తో కొలవండి. వోల్టేజి దాని మీద రాసినంత ఉందా, పిన్ను మధ్యభాగం ధనమా, రుణమా? ఇప్పటి చార్జర్లలో మధ్యభాగం ధనంగా ఉండటం మామూలైపోయి మనం చూసుకోవడం మానేశాం. 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే ల్యాప్‌టాప్‌కి కావలసింది 6 వోల్టులు, మధ్యభాగం రుణం. సాకెట్టులో పట్టింది కదా అని వేరేది గుచ్చితే యంత్రం పాడవుతుంది. నేను మొదటిసారి విద్యుత్తు ఇచ్చేది, ఇంత కరెంటుకు మించి పోవద్దని హద్దు పెట్టుకోగల బెంచ్ పవర్ సప్లైతోనే. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే అది వోల్టేజిని తగ్గించేసి నన్ను హెచ్చరిస్తుంది, బోర్డు కాలదు.

ఇవన్నీ అయ్యాక మీట నొక్కండి. నొక్కేటప్పుడు మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. డిస్కు తిరగడం మొదలయ్యే ఆ చప్పుడు ఆయనకు తప్పకుండా గుర్తుంటుంది.

ప్రశ్న: నా దగ్గర రెండు పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకదాని తెర అంచుల నుంచి మరకలు లోపలికి పాకుతున్నాయి, మూత తెరిస్తే పుల్లటి వాసన. రెండోదాని తెర వెలిగించగానే గులాబీ రంగులో ఉండి, కాసేపటికి తెల్లబడుతుంది. రెండిటిదీ ఒకటే జబ్బా?
– గడియారాలు బాగుచేసే ఒక పాఠకుడు

జవాబు: కాదండీ. మొదటిది తెర మీది పొరది, రెండోది తెర వెనక దీపానిది.

ఎల్‌సీడీ తెరకు ముందూ వెనకా కాంతిని ఒకే దిశలో వడగట్టే పలుచని పొరలు అంటించి ఉంటాయి. వాటిని పోలరైజర్లు అంటారు. అందులో వాడే సెల్యులోజ్ ట్రై అసిటేట్ అనే పదార్థం తేమకూ వేడికీ కాలక్రమాన విరిగిపోయి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. పుల్లటి వాసన అందుకే. పాత సినిమా రీళ్లకు పట్టే తెగులూ ఇదే. గాజు లోపలి ద్రవ స్ఫటికం చాలాసార్లు బాగానే ఉంటుంది కాబట్టి, పాత పొరను వలిచి, జిగురంతా తుడిచి, కొత్త పొర అంటించవచ్చు. మీరు గడియారాలు బాగుచేసేవారు కాబట్టి మీకు చేతి ఓపిక ఉంటుంది. ఇక్కడ కావలసింది అదే. ఒక్కటి మాత్రం మరవకండి: పొర ఏ కోణంలో ఉందో తీసే ముందే గుర్తు పెట్టుకోండి. 90 డిగ్రీలు తిప్పి అంటిస్తే నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా కనిపిస్తాయి. ఈ తెగులు పట్టిన యంత్రాన్ని మిగిలినవాటితో కలిపి ఒకే పెట్టెలో మూసి ఉంచవద్దు. ఆ ఆవిరి పక్కవాటికి మంచిది కాదు.

రెండో యంత్రంలో వెనక ఉన్నది కోల్డ్ క్యాథోడ్ దీపం. పెన్సిల్ కన్నా సన్నని గాజు గొట్టం. ముసలిదైనప్పుడు ఇలా గులాబీ రంగుతో మొదలై, వేడెక్కాక తేరుకుంటుంది. అదే కొలతల గొట్టం దొరికితే మార్చవచ్చు, ఎల్‌ఈడీ పట్టీ కూడా పెట్టవచ్చు. రెండు జాగ్రత్తలు. ఆ గొట్టంలో కాస్త పాదరసం ఉంటుంది, పగలనివ్వకండి. దాన్ని వెలిగించే చిన్న ఇన్వర్టర్ బోర్డులో వందల వోల్టులు ఉంటాయి, యంత్రం వెలుగుతుండగా దాన్ని ముట్టుకోకండి. ఎల్‌ఈడీ పెడితే అమ్మేటప్పుడు ఆ మాట రాయాలి. వెలుగు రంగు మారుతుంది, కొనేవారిలో కొందరికి పాత వెలుగే కావాలి.

ప్రశ్న: పసుపురంగుకు తిరిగిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుందంటున్నారు. చేయమంటారా?

జవాబు: తెల్లబడుతుంది. నేను మాత్రం చేయను. క్రీము పూసిన చోట గీతలు గీతలుగా పడుతుంది, కొన్నేళ్లకు పసుపు మళ్లీ వస్తుంది, అసలే పెళుసైన ప్లాస్టిక్‌ను ఎండలో ఉంచడం నా మనసుకు నచ్చదు. సబ్బు నీళ్లతో కడిగి, ఉన్న రంగు ఉన్నట్టు ఫోటో తీసి అమ్మండి. జిగటగా మారిన రబ్బరు పూత సంగతి వేరు. అది తేమకు కరిగిన పూత, ఇక బాగుపడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో ఓపిగ్గా తుడిచేస్తే కింద శుభ్రమైన ప్లాస్టిక్ బయటపడుతుంది. ముందు కనబడని మూల ఒకచోట తుడిచి చూడండి.

ప్రశ్న: పాత హార్డ్ డిస్క్ కీచుమంటోంది. దాని స్థానంలో మెమరీ కార్డు పెట్టవచ్చని విన్నాను. అలా చేస్తే యంత్రం విలువ తగ్గుతుందా? ఆ డిస్క్‌లో ముందు యజమాని ఫైళ్లు కూడా ఉన్నాయి.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: పెట్టవచ్చు. డిస్కును బోర్డుకు కలిపే ఆ కాలపు పద్ధతి పేరు ఐడీఈ. కాంపాక్ట్ ఫ్లాష్ అనే మెమరీ కార్డు ఆ ఐడీఈ డిస్కు భాషే మాట్లాడుతుంది. 44 పిన్నుల అడాప్టర్ చాలు, విద్యుత్తు కూడా ఆ పిన్నుల్లోనే వస్తుంది. కార్డు పరిమాణం దగ్గర మాత్రం జాగ్రత్త. 1990ల మధ్యకాలం కన్నా ముందటి యంత్రాలు చాలావరకు 504 ఎంబీని దాటి చూడలేవు. డిస్కులో చోటును ఆ యంత్రాలు లెక్కపెట్టే కొలతల హద్దులు ఇవి: 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, ఒక్కో సెక్టారుకు 512 బైట్లు. ఈ నాలుగూ గుణిస్తే వచ్చేది అంతే. పెద్ద కార్డు పెట్టి యంత్రం పాడైందనుకుని నాకు రాసినవారు ఉన్నారు. 512 ఎంబీ అని అమ్మే కార్డు నిజానికి ఆ హద్దులోనే ఉంటుంది, దానితో మొదలుపెట్టండి. పాత పవర్‌బుక్‌లలో ఉండేది ఐడీఈ కాదు, స్కజీ అనే వేరే పద్ధతి. వాటికి ఈ అడాప్టర్ పనికిరాదు, స్కజీ డిస్కులా నటించే బోర్డులు విడిగా దొరుకుతాయి.

విలువ తగ్గుతుందా అంటే, నిజం చెప్పి అమ్మితే తగ్గదు. తీసిన పాత డిస్క్‌ను పారేయకండి. చెరిపేసి, సంచిలో పెట్టి, యంత్రంతోపాటే ఇవ్వండి. డిస్క్‌ను బిగించే స్క్రూలు, ఇనుప చట్రం కూడా ఉండాలి. తర్వాత కొన్నవారు కోరుకుంటే యంత్రాన్ని ముందున్న స్థితికి తెచ్చుకోగలగాలి. వెనక్కి మళ్లించలేని పని ఏదీ చేయకూడదన్నది నా నియమం.

ముందు యజమాని ఫైళ్ల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఒకసారి నేను కొన్న యంత్రంలో ఒక తల్లి రాసుకున్న పట్టిక కనిపించింది. పిల్లవాడి జ్వరం, నాలుగు గంటలకొకసారి, పదకొండు రోజులు. చివరి వరుసలో అంకెకు బదులు 'పడుకున్నాడు, చెమట పట్టింది' అని ఉంది. అక్కడితో ఆపేశాను. ఇంకే ఫైలూ తెరవలేదు. నాకు అమ్మినవారికి ఉత్తరం రాశాను, ఫైళ్లు కావాలంటే పంపుతాను, వద్దంటే చెరిపేస్తాను అని. రెండు నెలలకు జవాబు వచ్చింది, కావాలన్నారు. ప్రతి పంపించి, ఆ తర్వాత డిస్క్ మొత్తం చెరిపాను.

మీరూ అలాగే చేయండి. ముందు అడగండి. జవాబు రాకపోతే చదవకుండా చెరిపేయండి. ఫైళ్లను డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం చాలవు. డిస్క్ మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాయించాలి. అయస్కాంతపు డిస్కుకు ఒక్కసారి రాస్తే చాలు, కొందరు చెప్పినట్టు ముప్పై అయిదు సార్లు అవసరం లేదు. మీది కీచుమంటోంది కాబట్టి మధ్యలో ఆగిపోవచ్చు. అలా ఆగితే దాన్ని యంత్రంతో ఇవ్వకండి, విప్పి, సమాచారం ఉండే లోపలి పళ్లేలను నాశనం చేయండి.

ప్రశ్న: కొన్న థింక్‌ప్యాడ్ తెరవగానే పాస్‌వర్డ్ అడుగుతోంది. చిన్న బ్యాటరీ తీసి పెట్టినా పోలేదు.

జవాబు: అది సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అయి ఉంటుంది. బ్యాటరీ తీస్తే చెరిగే జ్ఞాపకంలో కాకుండా విడి చిప్పులో రాసి ఉంటుంది. తయారీదారు పుస్తకమే బోర్డు మార్చమంటుంది. నా మాట ఏమిటంటే, ముందు అమ్మినవారిని అడగండి. వారు చెప్పలేకపోతే, అది వారిదేనా అన్న సందేహం కూడా రావాలి. తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: ఏ పాత ల్యాప్‌టాప్‌లకు నిజంగా గిరాకీ ఉంటుంది? పాతది అయితే చాలా?
– ఈ పనిని రెండో ఆదాయంగా చూడాలనుకునే ఒక ఉపాధ్యాయుడు

జవాబు: వయసొక్కటే చాలదు మాస్టారూ. ఎవరో ఒకరు కొత్తగా ఆలోచించిన ఆనవాలు యంత్రంలో కనబడాలి.

1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్‌ను చూడండి. తెర మడిచి కీబోర్డు మీద మూసే రూపం డిజైనర్ బిల్ మోగ్రిడ్జ్ గీసింది. ఒళ్లు మెగ్నీషియం లోహం, జ్ఞాపకానికి, డిస్కుకు బదులు చిన్న అయస్కాంత బుడగల్లో సమాచారం దాచే బబుల్ మెమరీ. అమెరికా స్పేస్ షటిల్‌లో కూడా ప్రయాణించింది. అది మీ చేతికి రావడం అరుదు. నేను ముందే చెప్పిన మోడల్ 100 కాస్త సులువుగా దొరుకుతుంది. తెర మీద 40 అక్షరాల చొప్పున 8 వరుసలే, కానీ మామూలు ఏఏ బ్యాటరీలు నాలుగు వేస్తే ఇరవై గంటల దాకా నడుస్తుంది. అందుకే విలేకరులు దాన్ని అంత ఇష్టపడ్డారు. తయారు చేసింది జపాన్‌లోని క్యోసెరా. దాని లోపలి ప్రోగ్రాములో బిల్ గేట్స్ స్వయంగా రాసిన భాగం ఉంది. కొంటే వెంటనే విప్పి, బోర్డుకు సోల్డరు చేసిన చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీని చూడండి. దాచేటప్పుడు అడుగున ఉన్న మెమరీ స్విచ్‌ను ఆపేయండి.

1991 అక్టోబరులో వచ్చిన పవర్‌బుక్‌లు కీబోర్డును తెర వైపు జరిపి, ముందు అరచేతులు ఆనించే చోటు ఇచ్చాయి. ఇప్పుడు మీ ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ కూడా ఆ రూపమే. 1992 నాటి ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ రిచర్డ్ సాపర్ రూపకల్పన, నల్లటి పెట్టె, కీబోర్డు మధ్యలో మౌసులా పనిచేసే ఎర్రటి చుక్క. ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరిది 1995 నాటి థింక్‌ప్యాడ్ 701సీ. జాన్ కారిడిస్ చేసిన కీబోర్డు మూత తెరుస్తుంటే రెండు ముక్కలుగా విడి, జరిగి, పెట్టె కన్నా వెడల్పుగా రెక్కల్లా పరుచుకుంటుంది. ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. ప్రతిసారీ మళ్లీ మూసి తెరుస్తాను. ఆ మోడల్ మీద రబ్బరు పూత ఇప్పుడు జిగటగా మారుతోంది, పెద్ద బ్యాటరీ మార్చేటప్పుడు మెమరీని నిలబెట్టే లోపలి స్టాండ్‌బై బ్యాటరీ కారుతుంది. కొనే ముందు ఈ రెండూ అడగండి.

ఆదాయం గురించి అడిగారు. ఒక యంత్రం మీద నేను పెట్టే సమయాన్ని గంటల్లో లెక్కిస్తే, కూలి గిట్టేవి పదింట్లో మూడో నాలుగో. ముందు ఒకే మోడల్ ఎంచుకోండి. ఒకేలాంటివి మూడు కొంటే, మూడోదాని భాగాలతో రెండు బతుకుతాయి. ఏ స్క్రూ ఎక్కడిదో చేతికి తెలిసిపోతుంది, సమయం సగానికి తగ్గుతుంది. బాగున్న యంత్రాన్ని మాత్రం ముక్కలుగా అమ్మకండి. విడిభాగాలకు ఎక్కువ రావచ్చు, కానీ నడిచే యంత్రం ఒకటి తగ్గుతుంది.

ప్రశ్న: ప్రకటనలో ఏమి రాయాలి? 'పరీక్షించలేదు' అని రాస్తే తర్వాత గొడవ ఉండదని ఒక మిత్రుడు చెప్పాడు. ధర ఎలా నిర్ణయించాలి?

జవాబు: మీ మిత్రుడి సలహా తీసుకోకండి. నాకు ఆ మాటంటే కోపం. చార్జర్ చేతిలో ఉండి, మీట నొక్కి, వెలగలేదని చూసి, ఆ తర్వాత 'పరీక్షించలేదు' అని రాసేవారిని నేను చూశాను. అది అబద్ధం. నిజంగా పరీక్షించలేకపోతే ఎందుకు కుదరలేదో రాయండి: 'చార్జర్ లేదు, అందుకే వెలిగించలేదు. విప్పి చూశాను, బ్యాటరీ కారలేదు, ఫోటో జతచేశాను.' ఈ మూడు ముక్కలు చదివినవారికి తాము ఏమి కొంటున్నారో తెలుస్తుంది.

నేను ప్రతి యంత్రానికీ ఒక కాగితం రాస్తాను. ఎప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు ఎలా ఉంది, ఏయే కెపాసిటర్లు మార్చాను, ఏ భాగం వేరే యంత్రం నుంచి తెచ్చాను, ఇంకా ఏమి పనిచేయడం లేదు. దాని ప్రతిని మడిచి బ్యాటరీ గూట్లో పెట్టి అమ్ముతాను. ఒకసారి నేను అమ్మిన యంత్రం ఆరేళ్లకు, మధ్యలో ఇద్దరి చేతులు మారి, మరమ్మతుకు మళ్లీ నా దగ్గరికే వచ్చింది. కాగితం అదే గూట్లో ఉంది. కింద ఇంకొకరి చేతిరాతతో రెండు వరుసలు చేరి ఉన్నాయి: కీబోర్డు మార్చిన తేదీ, ఫ్యాను మార్చిన తేదీ.

ఫోటోల్లో తెర మొత్తం తెల్లగా ఒకటి, మొత్తం నల్లగా ఒకటి ఉండాలి. మచ్చలు, చచ్చిన చుక్కలు వాటిలోనే బయటపడతాయి. మూత కీళ్ల దగ్గర పగుళ్లు, బ్యాటరీ గూడు, విప్పినప్పటి బోర్డు, అడుగున ఉన్న చీటీ చూపించండి. చీటీ మీది సీరియల్ నంబరులో సగం కప్పేయండి. ప్రతి కీ నొక్కి చూశారా, ఫ్లాపీ చదువుతుందా, రాస్తుందా, ఎన్ని పోర్టులు పరీక్షించారు, అన్నీ రాయండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూసి, ఆ నిమిషాలు రాయండి. ఏమాత్రం నిలవకపోతే అదీ రాయండి. ఆ వయసు బ్యాటరీ నిలవకపోవడాన్ని కొనేవారు తప్పుపట్టరు.

ధరకు ఒకటే దారి. అమ్మేవారు అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడుపోయిన ధరలు చూడండి. అడిగే ధరలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి, ఎవరూ కొనకనే ఉంటాయి. మీ యంత్రం స్థితిలోనే ఉన్నవి నాలుగైదు ఎంతకు పోయాయో చూసి, వాటి మధ్యలో పెట్టండి. నాన్నగారి జ్ఞాపకం, అన్నయ్య ఉద్యోగపు తొలి రోజులు, ఇవి మీకు విలువైనవి. కొనేవారు వాటికి డబ్బు ఇవ్వరు. మనసు ఒప్పకపోతే అమ్మకపోవడమే మంచిది.

ప్రశ్న: అమ్మిన ల్యాప్‌టాప్ దారిలో విరిగిపోయింది. బాగానే చుట్టాను. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: మీరు పంపిన ఫోటో చూశాను. బయటి పెట్టెకు దెబ్బ లేదు, లోపల మూతను పట్టి ఉంచే కీలు దగ్గర ప్లాస్టిక్ విరిగింది. అంటే చుట్టడంలో లోపం కాదు, కీలు ముందే బిగుసుకుపోయి ఉంది. పాత కీళ్లలో గ్రీజు ఎండిపోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా కీలును పట్టుకున్న ప్లాస్టిక్ గుబ్బల మీద పడి, అవి లోలోపల చిట్లుతాయి. పంపే ముందు కీలు నట్టును కాస్త వదులు చేసి, చుక్క గ్రీజు వేసి ఉంటే నిలిచేది. చిట్లిన గుబ్బలకు రెండు భాగాల ఎపాక్సీ పట్టించి ఒక రోజు కదపకుండా ఉంచండి. మూతను ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవండి, మూల పట్టుకుని కాదు.

చుట్టేటప్పుడు తెరకూ కీబోర్డుకూ మధ్య పలుచని ఫోమ్ షీటు ఒక్కటే పెట్టండి, మందమైనది తెరను నొక్కుతుంది. పెట్టెలో పెట్టె పెట్టి, రెండిటి మధ్యా అన్ని వైపులా నాలుగు వేళ్ల ఖాళీని మెత్తటి వాటితో నింపండి. చార్జర్‌ను విడిగా చుట్టండి. అది లోపల దొర్లితే సుత్తిలా పనిచేస్తుంది.

బ్యాటరీ లిథియం-అయాన్ రకమైతే, పరికరంతో పాటు వెళ్లే వాటికి యూఎన్ 3481 అనే గుర్తు కింద నియమాలున్నాయి. పంపే సంస్థకు ముందే చెప్పండి. ఉబ్బినదైతే విమానంలో పంపడం నిషిద్ధం. దాన్ని పొడవకండి, చార్జి చేయకండి, తీసి ఈ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి. యంత్రాన్ని బ్యాటరీ లేకుండా అమ్మండి.

ప్రశ్న: కిందటిసారి మీరు చెప్పినట్టు ప్లగ్గు పెట్టకుండా విప్పాను. చిన్న బ్యాటరీ నిజంగానే కారి ఉంది. వెనిగర్‌తో, తర్వాత నీళ్లతో, ఆల్కహాల్‌తో శుభ్రం చేశాను. యంత్రం వెలిగింది! అయితే 'ఎన్' కీ పనిచేయడం లేదు. కీబోర్డు కొత్తది కొనాలా?
– ఒక గృహిణి

జవాబు: మీ ఉత్తరం ఈ నెల నేను మొదట చదివింది, చివరికి దాచుకున్నది. శుభాకాంక్షలమ్మా.

కీబోర్డు అప్పుడే కొనకండి. ముందు అన్ని కీలూ ఒక్కొక్కటిగా నొక్కి, పనిచేయనివన్నీ కాగితం మీద రాయండి. 'ఎన్' ఒక్కటే అయితే తప్పు ఆ కీ కిందే ఉంది. టోపీని నెమ్మదిగా పైకి తీసి, కింద దుమ్ము తుడిచి, ఆల్కహాల్ చుక్క వేసి పదిసార్లు నొక్కండి. 'ఎన్'తో పాటు మరో నాలుగైదు కీలు కూడా మొరాయిస్తే, అవన్నీ ఒకే గీత మీద ఉన్నవి. అప్పుడు తప్పు కీబోర్డుది కాకపోవచ్చు. అది బోర్డులో కలిసే సాకెట్టునూ, బ్యాటరీ కారిన చోటి నుంచి ఆ సాకెట్టుకు వెళ్లే రాగి గీతలనూ భూతద్దంతో చూడండి. ఎక్కడో ఒక గీత నల్లబడి తెగి ఉంటుంది. మల్టీమీటర్‌ను బీప్ చేసే స్థానంలో పెట్టి రెండు కొసలూ తాకించండి. మోగకపోతే అదే. వెంట్రుకంత సన్నని తీగ ఒకటి రెండు చివరలా సోల్డరు చేస్తే కీలన్నీ తిరిగి వస్తాయి. ఏయే కీలు పనిచేయడం లేదో ఆ జాబితా నాకు పంపండి, ఏ గీతో నేనూ చూస్తాను.